ముక్కులో కండకు ఆపరేషన్: వెళ్లే ముందు, వచ్చాక ఏం చేయాలి

నాకు ముక్కులో పాలిప్స్‌కు, అంటే లోపలి పొర వాచి పెరిగే కండకు, రెండుసార్లు ఆపరేషన్ అయింది. మొదటిసారి ఆపరేషన్ బాగానే చేశారు. కానీ ఇంటికి పంపేటప్పుడు వారానికి మందులు రాసిచ్చి, తగ్గిపోయింది, ఇక రానక్కర్లేదు అన్నారు. నేనూ అదే నమ్మాను. మూడేళ్లు తిరిగేసరికి ముక్కు మళ్లీ పూడుకుపోయింది. కూరలో పోపు మాడినా తెలియని స్థితికి వచ్చాను. రెండోసారి చేసిన డాక్టరు గారు ఆపరేషన్‌కు ముందే కూర్చోబెట్టి ఒక మాట చెప్పారు: "కండ తీయడం నా పని. మళ్లీ పెరగకుండా చూసుకోవడం మీ పని, అది ఏళ్ల తరబడి ఉంటుంది." ఆ మాట మొదటిసారే ఎవరైనా చెప్పి ఉంటే నాకు రెండో కోత తప్పేదేమో. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. మీ డాక్టరు మీకు వేరుగా ఏదైనా చెబితే మాత్రం ఆయన మాటే వినండి, మీ ముక్కును చూసింది ఆయన.

ముందు అది పాలిప్పేనా, తేల్చుకోండి

"ముక్కులో కండ పెరిగింది" అనే మాటను మనవాళ్లు నాలుగైదు రకాల ఇబ్బందులకు వాడేస్తారు. దూలం వంకరగా ఉన్నా అదే మాట, ఎలర్జీతో లోపల వాచినా అదే మాట. అద్దం ముందు టార్చి వేసుకుని చూస్తే ముక్కు లోపలి పక్క గోడ మీద గులాబీ రంగులో ఉబ్బెత్తుగా ఒకటి కనిపిస్తుంది. చాలామంది అదే కండ అనుకుని భయపడతారు. అది టర్బినేట్, అందరికీ ఉండేదే.

అసలు పాలిప్ అలా ఉండదు. తొక్క తీసిన ద్రాక్షపండులా, తాటిముంజ ముక్కలా తెల్లగా, నీరుపట్టి మెరుస్తూ ఉంటుంది. తాకినా నొప్పి ఉండదు. ఎక్కువగా రెండు కళ్ల మధ్య ఉండే సైనస్ గదుల దగ్గర పుట్టి కిందికి జారుతుంది. అందుకే మొదట్లో బయటికి కనిపించదు. జలుబు తగ్గకపోవడం, నోటితో ఊపిరి తీయడం, గొంతులోకి చీమిడి జారడం, అన్నిటికన్నా ముఖ్యంగా వాసన పోవడం, ఇవే దాని గుర్తులు.

ఈఎన్‌టీ డాక్టరు ఓపీలోనే ముక్కులో మత్తు స్ప్రే కొట్టి సన్నటి ఎండోస్కోపుతో చూస్తారు. ఐదు నిమిషాల పని, కాస్త చిరాకుగా ఉంటుంది గానీ నొప్పి ఉండదు. స్క్రీన్ మీద మీకూ చూపించమని అడగండి. కంటితో చూస్తే సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి.

ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. మామూలు పాలిప్స్ రెండు వైపులా ఉంటాయి. ఒక్క వైపే ఉంటే, పైగా రక్తం కూడా పడుతుంటే, ఆలస్యం చేయకండి. పిల్లల్లో, కుర్రవాళ్లలో ఒకవైపు వచ్చేది చెంప ఎముక లోపలి సైనస్ నుంచి పుట్టి ముక్కు వెనక్కి వేలాడే రకం కావచ్చు. పెద్దవాళ్లలో అయితే వేరే గడ్డ కూడా కావచ్చు, ముక్క పరీక్ష చేయాల్సిందే. మన దక్షిణ భారతంలో, శ్రీలంకలో ఎక్కువగా కనిపించే మరో జబ్బు ఉంది, రైనోస్పోరిడియోసిస్. చెరువుల్లో, గేదెలు దిగే కుంటల్లో స్నానం చేసేవాళ్లకు ఎక్కువగా వస్తుంది. ఎర్రగా, స్ట్రాబెర్రీ పండులా, పైన తెల్లటి చుక్కలతో ఉంటుంది, తాకితే రక్తం కారుతుంది. దానికి చేసే ఆపరేషన్ వేరు. కాబట్టి చెరువు స్నానం అలవాటు ఉంటే డాక్టరుకు చెప్పండి, వాళ్లు అడగకపోయినా సరే.

మందులకు నిజమైన అవకాశం ఇవ్వండి

రెండు వైపులా వచ్చే మామూలు పాలిప్స్‌కు మొదటి వైద్యం ఆపరేషన్ కాదు. మొమెటాసోన్, ఫ్లూటికాసోన్ లాంటి స్టెరాయిడ్ స్ప్రే, దానితోపాటు ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోవడం. కనీసం రెండు మూడు నెలలు రోజూ చేస్తేనే పని చేసిందో లేదో తెలుస్తుంది. నాలుగు రోజులు కొట్టి "లాభం లేదు" అని పక్కన పడేస్తే అది వాడినట్టు కాదు. స్టెరాయిడ్ అనే పేరు వినగానే చాలామందికి టెన్షన్. స్ప్రేలో మందు చాలా తక్కువ, అది దాదాపుగా ముక్కు వరకే పనిచేస్తుంది. కొద్ది రోజుల కోసం మాత్రమే రాసే ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ మాత్రల సంగతి వేరు. వాటితో షుగరు పెరుగుతుంది, షుగరు ఉన్నవాళ్లు ముందే చెప్పాలి. మాత్రలతో పది రోజులు ముక్కు హాయిగా తెరుచుకుందని మెడికల్ షాపులో మళ్లీ మళ్లీ మీ అంతట మీరే కొనుక్కోకండి.

ముక్కు దిబ్బడకు వేసుకునే ఆట్రివిన్ లాంటి చుక్కలు పాలిప్‌ను కరిగించవు. ఐదు రోజులు దాటి వాడితే ముక్కు ఇంకా బిగుసుకుంటుంది. ఆకు పసరు పోసి కండ రాలుస్తామనేవాళ్ల దగ్గరికి అసలు వెళ్లకండి. పాలిప్ పుట్టే చోటికీ కంటికీ మధ్య కాగితమంత పలుచటి ఎముకే అడ్డం.

ఇవన్నీ సరిగ్గా వాడినా ఊపిరి ఆడకపోతే, వాసన రాకపోతే, సైనస్ ఇన్ఫెక్షన్లు వదలకపోతే, అప్పుడు ఆపరేషన్ మాట. దానికి ముందు సీటీ పీఎన్‌ఎస్, అంటే సైనస్‌ల సీటీ స్కాన్ తీస్తారు. ఆపరేషన్ చేసేవాళ్లకు అదే మ్యాప్, కన్ను ఎంత దగ్గర, మెదడు అడుగు ఎంత కిందికి ఉందో అందులో కనిపిస్తుంది. స్కాన్ లేకుండా ఓపీలో కుర్చీలోనే లాగేస్తామంటే ఒప్పుకోకండి. పూర్వం అలాగే తీగ వలయం వేసి లాగేవారు, మొదలు లోపలే ఉండిపోయి త్వరగా మళ్లీ పెరిగేది. ఇప్పుడు చేసేది ఫెస్, అంటే ఎండోస్కోపుతో చూస్తూ సైనస్‌ల సహజమైన ద్వారాలను తెరిచే ఆపరేషన్. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో మెసర్‌క్లింగర్ అనే డాక్టరు చేసిన పని దీనికి పునాది. 1980లలో ప్రపంచమంతా పాకింది.

డాక్టరుకు దాచకూడనివి

ఆయాసం, ఉబ్బసం ఉందా? ఆస్పిరిన్, బ్రూఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్ర వేసుకున్న గంటా రెండు గంటల్లో ఎప్పుడైనా ముక్కు కారడం, ఆయాసం రావడం జరిగిందా? పాలిప్స్, ఉబ్బసం, ఈ మాత్రలు పడకపోవడం, మూడూ ఒకే మనిషిలో కలిసి ఉండే జబ్బు ఒకటుంది. వాళ్లకు పాలిప్స్ తొందరగా తిరిగొస్తాయి, పొరపాటున ఆ మాత్ర ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఎప్పుడో ఒకసారి జరిగిందిలే అని వదిలేయకండి. కేస్ షీటు మీద ఎర్ర సిరాతో రాయించండి.

గుండెకు, పక్షవాతం రాకుండా రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే వాటిని ఎప్పుడు ఆపాలో, అసలు ఆపవచ్చో లేదో గుండె డాక్టరూ ఈఎన్‌టీ డాక్టరూ కలిసి చెప్పాలి. మీరే ఆపేయకండి. చేప నూనె గుళికలు, వెల్లుల్లి గుళికలు, ఆయుర్వేద మందులు కూడా చెప్పండి, వాటిలో కొన్ని రక్తస్రావాన్ని పెంచుతాయి. సిగరెట్ ఆపితే పుండు త్వరగా మానుతుంది. కొనసాగిస్తే ఆపరేషన్ ఫలితం సగం పొగలో కలిసినట్టే.

మీరు అడగాల్సినవి కూడా రాసుకుని వెళ్లండి. దూలం కూడా సరిచేస్తారా? రక్తం ఆగడానికి ముక్కులో ప్యాక్, అంటే స్పాంజి లాంటిది, పెడతారా, ఎన్ని రోజులు? తీసిన కండను బయాప్సీకి, అంటే ముక్క పరీక్షకు, పంపుతారా? పంపకపోతే పంపమని అడగండి. ఆపరేషన్ తర్వాత శుభ్రం చేయడానికి ఎన్నిసార్లు రావాలి, ఆ ఖర్చు ప్యాకేజీలో ఉందా? ఈ చివరి ప్రశ్న నేను మొదటిసారి అడగలేదు.

ఖర్చు గురించి రెండు మాటలు. హైదరాబాద్ కోఠిలో, విశాఖపట్నంలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రులు ఉన్నాయి. ప్రైవేటులో అయితే తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద మీ కేసు వస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. సొంత ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు పాలసీ కాగితం తీసి చూడండి. సైనస్ ఆపరేషన్లకు చాలా పాలసీల్లో మొదటి రెండేళ్లు వెయిటింగ్ ఉంటుంది. విదేశాల నుంచి సెలవు మీద వచ్చి చేయించుకునేవాళ్లు కనీసం నెల రోజులు చేతిలో పెట్టుకోండి. పది రోజుల సెలవుకు ఇది సరిపోయే పని కాదు.

ఆపరేషన్ రోజు

రక్త పరీక్షలు, ఈసీజీ, మత్తు డాక్టరు చెకప్ ముందే అయిపోతాయి. జలుబు ముదిరి జ్వరం ఉంటే ఫోన్ చేసి చెప్పండి, వాయిదా వేయడమే మంచిది. ముందు రాత్రి తేలిగ్గా తినండి. తర్వాత ఎన్ని గంటలు ఏమీ తినకూడదో, నీళ్లు ఎప్పటిదాకా తాగవచ్చో వాళ్లు చెబుతారు. కాఫీ కూడా తిండి కిందే లెక్క. ఉబ్బసం ఇన్‌హేలర్ మానకండి, వెంట తీసుకెళ్లండి. నెయిల్ పాలిష్ తుడిచేయండి. ముక్కుపుడక ఇంట్లోనే తీసేసి వెళ్లండి, ఏళ్లనాటి పుడకలు ఆసుపత్రిలో ఒక పట్టాన రావు.

పూర్తి మత్తు ఇస్తారు. గంట నుంచి రెండు మూడు గంటలు పట్టవచ్చు. ముఖం మీద కోత ఉండదు, అంతా ముక్కు రంధ్రాల నుంచే. మైక్రోడెబ్రైడర్ అనే పరికరం కండను కొద్దికొద్దిగా కోస్తూ పీల్చేస్తుంది. కన్నుకు, మెదడుకు దెబ్బ తగలడం చాలా అరుదు, కానీ ఆ ప్రమాదం ఉందని సంతకం పెట్టించుకునే కాగితంలో రాసి ఉంటుంది. చదివి, అర్థం కానిది అడిగి, తర్వాతే సంతకం పెట్టండి.

మొదటి రెండు రోజులు

మెలకువ వచ్చాక మొదట తెలిసేది నొప్పి కాదు, ముక్కు పూర్తిగా మూసుకుపోయిందన్న సంగతి. ప్యాక్ పెట్టి ఉంటే ఊపిరంతా నోటితోనే. గొంతు ఎండిపోతుంది, పెదవులు పగులుతాయి. గుక్కెడు గుక్కెడు నీళ్లు తాగుతూ ఉండండి, పెదవులకు వెన్నో వాసెలినో రాయండి. రెండు మూడు దిండ్లు పెట్టుకుని తల ఎత్తుగా పడుకోండి. ముక్కు కింద కట్టిన గాజుగుడ్డ ఎర్రబడుతూ ఉంటుంది, మారుస్తూ ఉండాలి. మింగిన రక్తం వల్ల ఒకసారి నల్లగా వాంతి కావచ్చు, మర్నాడు విరేచనం నల్లగా రావచ్చు. ఇంట్లోవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి. నాకు వాంతి అయినప్పుడు మా అమ్మ పడ్డ కంగారు చూస్తే, పేషెంటు నేనో ఆవిడో తెలియలేదు.

ప్యాక్ తీయడం ఒకటి రెండు రోజుల్లో ఉంటుంది. కొందరికి కరిగిపోయే ప్యాక్ పెడతారు, అప్పుడు ఈ బాధే ఉండదు. తీసేదైతే అరగంట ముందు నొప్పి మాత్ర అడిగి వేయించుకోండి. ఖాళీ కడుపుతో కూర్చోకండి. నాకు నర్సు గారు చేతిలో కిడ్నీ ట్రే పెట్టి, "నోటితో గట్టిగా ఊపిరి తీయండి, మెల్లగా వదలండి" అన్నారు. వదులుతుండగా లాగేశారు. కంటి వెనక నుంచి ఏదో పొడుగ్గా జారి వస్తున్నట్టు అనిపించింది, ఒక్కో వైపు ఐదారు సెకన్లు. చూస్తే రక్తంలో నానిన స్పాంజి, వేలంత పొడుగు. కళ్లలో నీళ్లు తిరిగాయి, అంతలోనే ముక్కులోంచి చల్లటి గాలి లోపలికి పోయింది. ఏడేళ్ల తర్వాత అంత గాలి. తీశాక కాసేపు రక్తం కారుతుంది, తల తిరగవచ్చు, పది నిమిషాలు పడుకునే ఉండండి.

మొదటి రోజు వచ్చిన ఆ గాలి నిలవదు. లోపల వాచి, గడ్డలు కట్టి మూడో రోజు నుంచి ముక్కు మళ్లీ మూసుకుంటుంది. ఆపరేషన్ ఫెయిలైందని కుంగిపోకండి. అందరికీ అంతే.

రెండు వారాలు ఎలా గడపాలి

చీదకూడదు. ఇది అన్నిటికన్నా ముఖ్యం, అన్నిటికన్నా కష్టం. కారితే మెత్తటి గుడ్డతో అద్దుకోండి, గొంతులోకి వస్తే ఉమ్మేయండి. తుమ్ము వస్తే ముక్కు నొక్కి ఆపకండి, నోరు బాగా తెరిచి తుమ్మండి. వేలు పెట్టి చెక్కు లాగకండి.

వంగడం, బరువు ఎత్తడం వద్దు. నీళ్ల బిందె, వాటర్ క్యాన్, గ్యాస్ సిలిండర్, చంటిపిల్లవాడు, అన్నీ బరువులే. గుడిలో సాష్టాంగం, నమాజులో సజ్దా ఈ రెండు వారాలు కూర్చునే కానివ్వండి. విరేచనానికి ముక్కాల్సి వస్తే తలలో ఒత్తిడి పెరిగి రక్తం వస్తుంది, కాబట్టి అరటిపండు, మజ్జిగ, ఆకుకూరలు తినండి, అవసరమైతే మందు అడగండి. విమానం ఎప్పుడు ఎక్కవచ్చో, ఈత ఎప్పుడు కొట్టవచ్చో డాక్టరును అడిగే నిర్ణయించుకోండి.

ముక్కు దిబ్బడేస్తే మన చేయి విక్స్ వేసిన వేడినీళ్ల ఆవిరి వైపే పోతుంది. ఇప్పుడు వద్దు. వేడికి రక్తనాళాలు ఉబ్బి మళ్లీ రక్తం వస్తుంది. కాగే నీళ్లతో తలస్నానం, పొగలు కక్కే టీ కూడా అంతే, గోరువెచ్చగా కానివ్వండి.

పథ్యం గురించి ఊళ్లో ప్రతి ఒక్కరూ చెబుతారు. వంకాయ వద్దు, పప్పు చీము పడుతుంది, పెరుగు జలుబు చేస్తుంది అని. పుండు మానడానికి మాంసకృత్తులు కావాలి, పప్పు, గుడ్డు, పెరుగు నిక్షేపంగా తినవచ్చు. మొదటి మూడు రోజులు మెత్తటి అన్నం, ఇడ్లీ సుఖంగా ఉంటాయి, ఎందుకంటే నోటితో ఊపిరి తీస్తూ నమలడం కష్టం. కారం తగ్గిస్తే ముక్కు కారడం తగ్గుతుంది. అంతకుమించి నియమం లేదు.

నొప్పికి ఎక్కువగా పారాసిటమాల్ సరిపోతుంది. వేరే నొప్పి మాత్ర డాక్టరు రాయకుండా వేసుకోవద్దు. ఆఫీసు పనికి ఒకటి రెండు వారాల్లో వెళ్లవచ్చు. దుమ్ములో, పొలంలో పనిచేసేవాళ్లు ఇంకొన్ని రోజులు ఆగాలి.

ముక్కు కడుక్కోవడం: ఇదే అసలు వైద్యం

ప్యాక్ తీశాక ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరు చెబుతారు, చాలామందికి ఒకటి రెండు రోజుల్లోనే. యోగాలో జలనేతి చేసినవాళ్లకు ఇది కొత్త కాదు. తేడా ఏమిటంటే, ఇప్పుడు లోపల పచ్చిపుండు ఉంది, కాబట్టి నీళ్ల శుభ్రత విషయంలో రాజీ పడకూడదు.

కుళాయి నీళ్లు, బోరు నీళ్లు నేరుగా వాడకండి. తెర్లే దాకా మరిగించి, ఒక నిమిషం పైగా అలాగే మరగనిచ్చి, మూత పెట్టి చల్లార్చిన నీళ్లే వాడాలి. శుభ్రం కాని నీళ్లు ముక్కులో పైకి వెళితే అందులోని అమీబా మెదడుకు పాకే ప్రమాదం ఉంది. అరుదే, కానీ వస్తే బతకడం కష్టం. 2024, 2025లో కేరళలో అలాంటి అమీబా మెదడువాపు కేసులు వచ్చాయి.

240 మిల్లీలీటర్ల గోరువెచ్చటి నీళ్లకు అర టీస్పూను అయోడిన్ లేని ఉప్పు, చిటికెడు వంట సోడా. మెడికల్ షాపులో దొరికే బాటిల్, సాచెట్లు కొనుక్కుంటే కొలత బెంగ ఉండదు. ఉప్పు తక్కువైనా, ఎక్కువైనా మండుతుంది. సరిగ్గా కలిస్తే కన్నీళ్ల ఉప్పదనమే ఉంటుంది, మంట ఉండదు.

సింకు మీదికి కాస్త వంగి, తల కొద్దిగా పక్కకు తిప్పండి. రెండు వారాల్లో వంగొద్దన్నది దీనికి వర్తించదు, ఇది నెమ్మదిగా చేసే చిన్న వంపు. నోరు తెరిచి "ఆ..." అంటూ ఉండండి, అలా అంటుంటే నీళ్లు గొంతులోకి దిగవు. పై ముక్కులో బాటిల్ ఆనించి మెల్లగా నొక్కండి. రెండో ముక్కులోంచి నీళ్లు బయటికి వస్తాయి. మొదటి రోజుల్లో గోధుమరంగు చెక్కులు, నల్లటి రక్తపు గడ్డలు, బంకలాంటి జిగురు ఊడి పడతాయి. చూడ్డానికి బాగుండదు గానీ అవి బయటికి రావడమే కావాలి. సగం అయ్యాక వైపు మార్చండి. చివర్లో అలాగే వంగి నీళ్లు కారిపోనివ్వండి, చీది బయటికి తోయకండి. చెవిలో ఒత్తిడి అనిపిస్తే మరీ గట్టిగా నొక్కుతున్నట్టు. బాటిల్‌ను రోజూ కడిగి ఆరబెట్టండి, కొన్ని నెలలకొకసారి కొత్తది కొనండి.

వారం పది రోజులకు డాక్టరు ఎండోస్కోపుతో లోపలి చెక్కులు తీసి శుభ్రం చేస్తారు. రెండు మూడుసార్లు వెళ్లాల్సి ఉంటుంది. బాగానే ఉంది కదా అని మానేస్తే చెక్కుల కింద లోపలి గోడలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, తెరిచిన దారి మూసుకుపోతుంది.

వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సినవి

పలచటి ఎర్రటి చారలు వారం రెండు వారాలు మామూలే. ధారగా కొత్త రక్తం వస్తే కూర్చుని ముందుకు వంగి, ముక్కు మెత్తటి భాగాన్ని పది పదిహేను నిమిషాలు వదలకుండా నొక్కి పట్టుకోండి. ఆగకపోతే బయల్దేరండి. చూపు మసకబారినా, ఒకటి రెండుగా కనిపించినా, కన్ను ఉబ్బినా ఒక్క నిమిషం ఆగకండి. తల వంచగానే ఒక ముక్కులోంచి మంచినీళ్లలా టపటపా కారి, గొంతులో ఉప్పగా తగిలితే అది మెదడు చుట్టూ ఉండే నీరు కావచ్చు. ముక్కు కడుక్కున్న తర్వాత మిగిలిన నీళ్లు కాసేపు కారడం వేరు, గంటల తరబడి కారడం వేరు. తీవ్రమైన తలనొప్పి, మెడ బిగుసుకోవడం, ఎక్కువ జ్వరం కూడా ఈ జాబితాలోవే.

వాసన ఎప్పుడు వస్తుంది?

కొందరికి రెండు వారాల్లో, కొందరికి నెలల్లో. కొందరికి పూర్తిగా రాదు, అది దాచకుండా చెప్పాలి. వాసన రానంతకాలం వంటింట్లో గ్యాస్ లీక్ తెలియదు, కాబట్టి రెగ్యులేటర్ ఆపడం ఒక అలవాటు చేసుకోండి, మిగిలిన కూరలు ఇంకొకరికి చూపించి తినండి. లవంగం, నిమ్మ, గులాబీ, నీలగిరి తైలం, ఈ నాలుగూ చిన్న సీసాల్లో పెట్టుకుని పొద్దున, రాత్రి ఒక్కోటి 20 సెకన్లు నెమ్మదిగా పీల్చడం వైద్యులు చెప్పే అభ్యాసమే. నెలలు పడుతుంది.

నాకు ఆరో వారంలో వచ్చింది. ఆవకాయకు మా ఆవిడ మెంతులు వేయిస్తోంది. హాల్లో కూర్చున్నవాణ్ని లేచి వెళ్లి, "ఏమిటది, ఏం మాడుతోంది?" అన్నాను. ఆవిడ గరిటె వదిలేసి నా ముఖంలోకి చూసింది. "మాడట్లేదు, వేగుతున్నాయి. నీకు వాసన వస్తోందా?" అంది.

తర్వాత, ఏళ్ల తరబడి

పాలిప్స్ అన్నవి లోపలి పొర వాపు వల్ల వస్తాయి. కండ కోసినా ఆ వాపు గుణం ఒంట్లోనే ఉంటుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకు, నొప్పి మాత్రలు పడనివాళ్లకు తిరిగొచ్చే అవకాశం మరీ ఎక్కువ. ఆపరేషన్ చేసిన లాభం ఏమిటంటే, ఇదివరకు కండ అడ్డంపడి లోపలికి పోని స్ప్రే ఇప్పుడు సైనస్‌ల దాకా చేరుతుంది. అలాంటప్పుడు స్ప్రే మానేస్తే ఆపరేషన్ దేనికి?

స్ప్రే కొట్టే పద్ధతి కూడా నేర్చుకోండి. ముక్కు కడుక్కున్న పావుగంట తర్వాత, తల కాస్త వంచి, కుడి ముక్కుకు ఎడమ చేతితో, ఎడమ ముక్కుకు కుడి చేతితో కొట్టండి. స్ప్రే సీసా కొస అదే వైపు కంటి బయటి చివరకు గురిపెట్టి ఉండాలి. మధ్య దూలం మీద పడితే అక్కడ పొర ఎండి రక్తం వస్తుంది. గట్టిగా ఎగబీల్చకండి, మందు గొంతులోకి పోతుంది.

మళ్లీ పెరిగినా దారులు మూసుకుపోలేదు. డూపిలుమాబ్ లాంటి బయోలాజిక్ ఇంజెక్షన్లు, అంటే ఒంట్లోని ఆ వాపు గుణాన్నే అణిచే మందులు, పాలిప్స్‌కు వచ్చాయి, అమెరికాలో 2019లో అనుమతి దొరికింది. ఖరీదు చాలా ఎక్కువ, ఆపితే మళ్లీ రావచ్చు. ఆపరేషన్ అయినా తిరగబెడుతూ, ఉబ్బసం కూడా తీవ్రంగా ఉన్నవాళ్లు వాటి గురించి డాక్టరుతో మాట్లాడాలి.

మొదటి ఏడాది మూడు నాలుగు నెలలకొకసారి, తర్వాత ఏడాదికి ఒకటి రెండుసార్లు ఎండోస్కోపుతో చూపించుకోండి, ముక్కు హాయిగా ఉన్నా సరే. కండ గింజంత ఉన్నప్పుడు పట్టుకుంటే మందు పెంచితే సరిపోతుంది. నా రెండో ఆపరేషన్ అయ్యి ఐదేళ్లు. బాత్‌రూమ్ అరలో టూత్‌బ్రష్ పక్కనే ఉప్పు సాచెట్లు, స్ప్రే సీసా ఉంటాయి. పోయిన చెకప్‌లో ఎడమ వైపు చిన్నది ఒకటి కనిపించింది, రోజుకు రెండుసార్లు స్ప్రే కొట్టమన్నారు, మూడు నెలల తర్వాత మళ్లీ రమ్మన్నారు.